కోరాగుడ్డ అట్ట వేసిన పుస్తకం

మగ్గం దిగిన గుడ్డ చుట్టను సూరత్‌లో తాకా అంటారు. పొద్దున్నే మొదటి తాకా విప్పి అద్దపు బల్ల మీదికి లాగగానే గంజి, మగ్గం నూనె కలిసిన ఒక పచ్చి వాసన ముక్కుకు కొడుతుంది. బల్ల కింద వెలిగే ట్యూబులైట్ల వేడి మణికట్టుకు తగులుతుంది. సూరత్ శివారు సచిన్‌లో ఈ మిల్లుకు వచ్చి పదహారేళ్లయినా, ఆ వాసనా ఆ వేడీ కలిసినప్పుడల్లా నాకు ఒక్క మనిషే గుర్తొస్తుంది. కుర్చీలో ఒక కాలు మడిచి కూర్చుని, ముక్కు మీదికి జారిన కళ్లజోడు పైనుంచి చూస్తూ, "చెయ్యి తియ్, చెయ్యి తియ్! గుడ్డను సూడు, గెలుకకు" అని కేకేసే సులోచనక్క. ఆమె పోయి ఏడేళ్లయింది. ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునేంత ప్రత్యేకత ఆమెలో కనిపించదు. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు. పెళ్లయిన కొత్తలో సిరిసిల్ల దిక్కు నుంచి మొగుడి వెంట ఈ ఊరొచ్చి, మొగుడు పోయాక మిల్లులో చేరి, చెకింగ్ డిపార్ట్‌మెంటుకు పెద్ద అయింది. మా అమ్మ వయసుది, అయినా అందరికీ అక్కే. మా పని లోపాలు వెతకడం. బొక్క, ముడి, నూనె మరక, తెగిన పోగు, ఒక్కోదానికి ఇన్ని మార్కులని ఉంటుంది. మార్కులు హద్దు దాటితే ఆ తాకా సెకండ్ గ్రేడులో పడుతుంది. పొద్దంతా అదే పని కాబట్టి, ఏ లోపమూ దొరకని తాకాను చూస్తే మాకు సంతోషం కలగదు, అనుమానం కలుగుతుంది.

నా జబ్బు సంగతి చెప్పాలి. అది లేకపోతే అక్క నాకు ఒట్టి సూపర్‌వైజరుగానే మిగిలిపోయేది. మా నాన్న కూడా ఈ ఊరి మగ్గాల మీదే బతికాడు. ఒక మధ్యాహ్నం నడుస్తున్న మగ్గం పక్కనే కూలబడ్డాడు. దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయింది. గుండె అన్నారు. ఆయనకు అప్పుడు ముప్పై తొమ్మిదేళ్ల రెండు నెలలు, నాకు పద్నాలుగేళ్లు. ఇరవై ఎనిమిదో ఏట నాకు కూతురు పుట్టింది, పేరు మైత్రి. నర్సు పాపను చేతికిచ్చినప్పుడు నా గుండె దడదడ కొట్టుకోవడం మొదటిసారి వినిపించింది. తండ్రయిన ఎవడికైనా కొట్టుకుంటుంది. నేను మాత్రం ఆ చప్పుడును అక్కడితో వదల్లేదు. నాన్న బతికినన్ని రోజులే నేనూ బతుకుతానని లెక్కగట్టి, ఆ తేదీ ఎప్పుడొస్తుందో మనసులో రాసి పెట్టుకున్నాను.

అక్కడి నుంచి పాపను ఎత్తుకుని నిలబడడం మానేశాను. నేను కూలబడితే పాప తల నేలకు కొట్టుకుంటుందని భయం. మంచం మీద కూర్చుని ఉంటేనే ఒళ్లోకి తీసుకునేవాణ్ని. ఆల్థాన్‌లో మా ఫ్లాటు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నా భార్య కవిత ఒక చంకలో పాపను, ఇంకో చేతిలో కూరగాయల సంచిని పెట్టుకుని మెట్లెక్కుతుంటే, వెనకాల నేను ఖాళీ చేతులతో, నా మణికట్టు నేనే పట్టుకుని నాడి లెక్కపెట్టుకుంటూ ఎక్కేవాణ్ని. ఇరుగుపొరుగు నవ్వుకునేవాళ్లు. సిగ్గుగానే ఉండేది, కానీ భయం సిగ్గుకన్నా పెద్దది. ఇక ఫోనులో లక్షణాలు వెతకడమంటే కొరివితో తల గోక్కోవడమే, అదీ రోజుకు పదిసార్లు చేసేవాణ్ని.

అక్క మా వెనక సందులోనే ఉండేది. పొద్దున నా బండి మీదే మిల్లుకు వచ్చేది. ఒకరోజు దారిలో ఒక క్లినిక్ ముందు బండి ఆపి, ఐదు నిమిషాల్లో వస్తానని లోపలికి పోయాను. ముప్పావుగంట పట్టింది. బయటికొచ్చేసరికి అక్క బండికి ఆనుకుని, కొంగు నెత్తిన కప్పుకుని ఎండలో నిలబడి ఉంది.

"ఏమన్నడు డాక్టరు?" అంది.

"ఏం లేదన్నడక్కా. గుండె మంచిగనే ఉన్నదట."

"మరి మొఖం గట్లెందుకు పెట్టినవ్?"

"ఈసీజీ మెషీన్ పాతది లెక్కున్నది. ఇంకో కాడ తీయిస్త."

"ఇప్పటికి ఎన్నిసార్లు తీయించినవ్?"

"పద్నాలుగు" అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా మెడ వైపు చూస్తూ, "దవుడ కింద గదేంది, ఎర్రగ కమిలింది?" అని అడిగింది. గడ్డ ఏదో ఉన్నట్టుందని, పెరుగుతోందేమోనని రోజూ చూసుకుంటున్నానని చెప్పాను. ఎట్లా చూసుకుంటున్నావంటే, రెండు వేళ్లతో నొక్కి చూపించాను.

"శీనూ, పనికి కొత్తగ వచ్చినోళ్లు చిమ్టాతోని ఏం చేస్తరు?"

చిమ్టా అంటే గుడ్డ మీది ముడులు తీయడానికి మా దగ్గరుండే చిన్న పట్టకారు. కొత్తవాళ్లు దానితో ఒక చిన్న ముడిని పట్టుకుని లాగి లాగి, పోగు తెంపి, ముడి ఉన్నచోట బొక్క చేస్తారు. ముడికి ఒక్క మార్కు, బొక్కకు నాలుగు. అదే చెప్పాను.

"గంతే. గా గడ్డ దేవుడు పెట్టలే, నీ వేలు పెట్టింది. పా, లేటయింది" అని బండెక్కింది. అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదు గానీ, ఆ సామెత వినీ వినీ నాకు చెవులు మొద్దుబారిపోయాయి. చిమ్టా మాట మాత్రం సూటిగా లోపలికి దిగింది.

మర్నాడు చాయ్ వేళ అక్క తన టిఫిన్ సంచిలోంచి ఒక పుస్తకం తీసింది. దానికి కోరాగుడ్డతో అట్ట వేసి, అంచుల వెంట చేత్తో కుట్టి ఉంది. లోపల హిందీ. ఆరోగ్యం గురించిన విపరీతమైన భయాన్ని కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ పద్ధతిలో ఎవరికి వాళ్లు తగ్గించుకోవడానికి రాసిన పుస్తకం అది. పేరు పెద్దది, విషయం చిన్నది. భయపెట్టే ఆలోచనను పట్టుకుని కాగితం మీద పెట్టాలి, అది ఎంతవరకు నిజమో పరీక్షించాలి, భయం కొద్దీ చేసే పనులను ఒక్కొక్కటే తగ్గించుకుంటూ రావాలి. అట్ట ఎందుకు వేశావని అడిగితే, "పైన రాసింది సూస్తె పాగల్ అంటరు. గుడ్డ కప్పితె దేవుని పుస్తకం అనుకుంటరు" అంది.

ఆమె కథ అప్పుడే తెలిసింది. మొగుడు క్షయతో పోయాడట. ఆ తర్వాత నాలుగేళ్లు, తనకు దగ్గొచ్చిన ప్రతిసారీ అదేననుకుని ఎక్స్‌రే తీయించుకుందట. "మంచం కింద కట్టలు కట్టలుండె శీనూ. ఈడ నౌకరి దొరికినంక ఇంకింత సులువైంది. అందరు అన్నం తినేటప్పుడు గా ఫిల్ములు గీ అద్దం బల్ల మీద పెట్టి, కింద లైటు ఏసి సూసుకునేదాన్ని. గుడ్డల బొక్కలు ఎతికినట్టు ఊపిరితిత్తులల్ల ఎతికిన" అని చెప్పి నవ్వింది. చివరికి సర్కారు దవాఖానలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఆమె ఫైలు మూసేసి, మందుకు బదులు ఈ పుస్తకం పేరు చీటీ మీద రాసిచ్చిందట. పుస్తకం నాకిస్తూ అక్క ఒక షరతు పెట్టింది. "ఒక పాఠం చదివితె వారం దినాలు గదే చెయ్యాలె. నవల లెక్క చదువుతనంటె నాది నాకియ్యి."

ఒక నోటుబుక్కు కొని మొదలుపెట్టాను. వారం తర్వాత, మంచి మార్కులొస్తాయనే నమ్మకంతో అక్కకు చూపించాను. ఎడమ ఛాతీలో చురుక్కు, రెండు మార్కులు. మెట్ల మీద దడ, మూడు. అరచేతిలో చెమట, ఒకటి. ప్రతిరోజూ చివర కూడిక వేసి, కింద "సెకండ్ గ్రేడ్" అని రాశాను. చదువుతూ చదువుతూ అక్కకు పొలమారింది. చాయ్ గ్లాసు పక్కన పెట్టి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"అరే, గిది తాకా రిపోర్టురా! నీ ఒంట్ల ఏమున్నదో రాయమన్లే పుస్తకం, నీ తలకాయల ఏమొచ్చిందో రాయమన్నది." నోటుబుక్కు లాక్కుని కొత్త పేజీ తిప్పింది. "చెప్పు, అన్నిటికన్న పెద్ద ఫికరేంది?"

"ముప్పై తొమ్మిదేండ్ల రెండు నెలలకు నేను పోత."

"సాక్ష్యం?"

"నాయిన గా వయసుకే పోయిండు."

"నీ నాయిన పుట్టిన తేది ఎట్ల తెలిసింది?"

"బడి సర్టిఫికెట్ల ఉన్నది."

"అగో! బడిల సార్లు తేదీలు ఎట్ల రాస్తుండిరో ఎర్క లేదా? నాది జూన్ ఒకటి, మా తమ్మునిది జూన్ ఒకటి, మా ఇంటెనక పోశన్నది జూన్ ఒకటి. ఊరంత ఒక్కనాడే పుట్టినమా?"

ఆ సాయంత్రం మా అమ్మను అడిగాను. "మీ నాయిన వరికోతలప్పుడు పుట్టిండని మీ నాయినమ్మ అంటుండె. ఏడు గూడ సారు అందాజగ రాసిండు" అంది. నా చావు తేదీని నెలలూ రోజులూ సహా తేల్చుకుని కూర్చున్నాను, దాని పునాది చూస్తే బడిపంతులు అందాజగా వేసిన జూన్ ఒకటి. నవ్వొచ్చింది. నవ్వినంత మాత్రాన భయం పోలేదు, కానీ ఆ తేదీ మీద గౌరవం కాస్త తగ్గింది.

నాడి చూసుకోవడం తగ్గించడం కష్టమే అయింది. అంతకన్నా కష్టం, "నాకేం కాదు కదా" అని ఇతరులను అడగడం మానడం. ఆ మాట అడిగి, ఏం కాదనిపించుకుంటే ఒక గంట హాయిగా ఉంటుంది, గంట తర్వాత మళ్లీ అడగాలనిపిస్తుంది. పుస్తకం ఈ సంగతి వివరంగా చెప్పింది. అక్కను ఎప్పుడడిగినా "నాకేం ఎర్క?" అని తన పని తాను చూసుకునేది. కడుపు మండేది. ఒక ఆదివారం ఆమె సర్వపిండి చేసుకుని మా ఇంటికొచ్చి, కవితకూ ఇదే నేర్పింది.

"ఈయన నాకేం కాదు గదా అని అడిగితె, ఏం కాదని చెప్పకు."

"మరేమనాలె అక్కా? అయితదనాల్నా?"

"తెల్వదు అను. అని, నీ పని నువ్వు చేస్కో."

కవిత ఒక్కసారిగా నవ్వేసింది. "రెండేండ్ల సంది గా మాట అనాలనే ఉన్నది" అంది. ఆ తర్వాత నవ్వు ఆగిపోయి, గొంతు తగ్గించింది. "చెప్పి చెప్పి అలిసిపోయిన అక్కా. ఆయనకు ఏమన్న అయితదని కాదు నా బాధ. ఏం కాకుంటనే పోయిన మనిషి లెక్క తిరుగుతున్నడు ఇంట్ల." వంటింటి గుమ్మం దగ్గర నిలబడి నేను అంతా విన్నాను. పద్నాలుగు ఈసీజీల్లో ఏ డాక్టరూ కనిపెట్టలేని జబ్బును కవిత రెండు మాటల్లో చెప్పింది. చాలా బాధపడ్డాను.

పుస్తకంలో ఒక నిచ్చెన గీయమన్నారు. అన్నిటికన్నా తక్కువ భయం వేసే పని కింది మెట్టు మీద, ఎక్కువ భయం వేసేది పై మెట్టు మీద రాయాలి. నా కింది మెట్టు, మధ్యాహ్నం అన్నం వేళదాకా నాడి పట్టుకోకపోవడం. పై మెట్టు, మైత్రిని ఎత్తుకుని మూడంతస్తులు ఎక్కడం. ఏడాదిన్నరలో ఒక్కటి తప్ప అన్నీ ఎక్కాను. ఆ ఒక్కదానికీ ఏదో ఒక సాకు దొరికేది. "ఒక్క ఈసీజీ తీయించి, అది మంచిగొస్తె ఎత్తుకుంట" అన్నాను ఒకసారి. "నిచ్చెనల గా మెట్టు కింద ఈసీజీ అని రాసినవా?" అని అడిగింది అక్క. రాయలేదని ఆమెకూ తెలుసు.

ఆ రోజుల్లోనే అక్క జాకెట్టు చేతులు వదులుగా వేలాడుతున్నట్టు నా కంటబడింది. లోపాలు వెతికే కన్ను కదా. మొదట నోరు మూసుకున్నాను, నా జబ్బు ఇప్పుడు అక్క మీద కూడా లోపాలు చూస్తోందేమోనని. రెండు వారాలయ్యాక ఉండబట్టలేక, మిల్లు గేటు దగ్గర బండి దిగుతుంటే అడిగేశాను.

"నీకన్న ముందుగాల నేనే సూసిన. పెద్ద దవాఖానల చూపించిన. కడుపుల గడ్డ ఉన్నదట, మంచిది కాదట" అంది. చావు కబురు చల్లగా చెప్పడమంటే అదే. లైటు బిల్లు వచ్చిందని చెప్పినట్టు చెప్పింది.

నాకు విపరీతమైన కోపం వచ్చింది. "గిన్నేండ్లు పుస్తకం, పుస్తకం అని ఏం ఫాయిదా అక్కా? నా లెక్క భయపడి ముందుగాలనే ఉరికితె దొరుకుతుండె గద!" అని గేటు దగ్గరే అరిచాను.

"ఒర్రకు. నొప్పి షురువైంది, తగ్గుతదేమోనని జర సూసిన, తగ్గలే, పోయిన. ఎనకాముందు చేయలే. డాక్టరు గూడ గదే అన్నడు." టిఫిన్ సంచి చేతికి తగిలించుకుని, "రోగమే రాదని పుస్తకం ఏడ చెప్పిందిరా? పేజీ చూపియ్యి" అంది.

ఆదివారం పొద్దున ఆ పేజీ కోసం కూర్చున్నాను. అప్పటికి ఆ పుస్తకాన్ని నాలుగుసార్లు చదివాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా, అక్క పెన్సిలు గీతలతో సహా, తాకా చూసినట్టు చూశాను. ఎక్కడా లేదు. నీకు వచ్చిన ఆలోచన నిజం కాకపోవచ్చు అని ఉంది. లక్షణం వచ్చి తగ్గకపోతే డాక్టరుకు చూపించుకో, ఆయన చెప్పింది నమ్ము, మళ్లీ మళ్లీ పరీక్షలు చేయించుకోకు అని ఉంది. ఎప్పటికీ ఏమీ కాదనే హామీ మాత్రం ఏ పేజీలోనూ లేదు. నేను నాలుగుసార్లూ ఆ హామీ కోసమే చదివాను, లేనిదాన్ని ఉందనుకుని చదివాను. ఆ హామీ చేతికొచ్చాక పాపను ఎత్తుకుందామని కూర్చున్నాను. అది అక్క దగ్గర లేదు, ఎవరి దగ్గరా ఉండదు.

కింద నుంచి కవిత గొంతు వినిపించింది. దుకాణానికి పోయి వస్తూ, మైత్రి మొదటి మెట్టు మీద కూర్చుని లేవనని మొండికేసింది. చేతిలో రెండు సంచులతో కవిత విసుక్కుంటోంది. దిగి వెళ్లి చేతులు చాపాను. పాప నన్ను అనుమానంగా చూసింది.

"పప్పా, నువ్వు ఎత్తుకోవు కదా. మమ్మీ ఉఠాతీ హై" అంది, మమ్మీయే ఎత్తుకుంటుందని.

ఎత్తుకున్నాను. బరువుగా ఉంది. మూడున్నరేళ్ల నా కూతురి బరువెంతో నాకు అప్పుడు తెలిసింది. మొదటి అంతస్తు దగ్గరే గుండె దంచడం మొదలైంది. రెండో అంతస్తుకు ఒళ్లంతా చెమట, ఇక ఇదే ఆఖరు అనుకున్నాను, అలా అనుకుంటూనే ఎక్కాను. పాప నా మెడ చుట్టూ చేతులేసి, కనబడిన ప్రతి తలుపు మీది నంబరూ హిందీలో గట్టిగా చదువుతోంది. మూడో అంతస్తు వచ్చింది. పాపను దించి, గడప మీద కూలబడి ఏడ్చాను. ఆయాసం కూడా అలాగే ఉంది, కానీ ఏడ్చింది మాత్రం దానికి కాదు. వెనకాలే వచ్చిన కవిత బాగానే ఉన్నావా అని అడగలేదు. కళ్లు తుడుచుకుని, "జర జరుగు, సంచులు లోపల పెట్టాలె" అంది.

మర్నాడు అక్కకు చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది, కానీ నోటితో పొగడడం ఆమెకు అలవాటు లేదు.

"దిగేటప్పుడు?"

"నడిచి దిగిందక్కా."

"అయితె సగమే చేసినవ్. రేపు దించు గూడ."

మందులు నడుస్తుండగానే ఇంకో నాలుగు నెలలు పనికొచ్చింది. ఆ తర్వాత ఇంట్లోనే ఉంది. ఒకరోజు చూడబోతే, కిటికీ పక్కన కూర్చుని ఉంది. "భయమైతున్నది శీనూ" అంది. ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు. "మరేం చేస్తున్నవ్ అక్కా?" అని అడిగాను. "ఏం చేస్త? పొద్దుగాల జరసేపు భయపడుత. మళ్ల లేశి చాయ్ పెట్టుకుంట" అంది. ఆ రోజు ఇద్దరం చాయ్ తాగాం, మిల్లులో ఎవరు ఎంత చెత్తగా పని చేస్తున్నారో మాట్లాడుకున్నాం. నెల తిరక్కుండానే ఆమె పోయింది. పుస్తకం నాకే ఇమ్మని చెప్పిపోయిందట. కొన్నాళ్లు నా దగ్గరుంది, ఆ తర్వాత ఒకరికిస్తే తిరిగి రాలేదు. నేను అడగలేదు.

భయం పోయిందా అంటే, పోలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది, ఎక్కువగా మెట్ల మీదే. వచ్చినప్పుడు అక్కలాగే కాసేపు భయపడతాను, తర్వాత పనిలో పడతాను. మొన్నీమధ్య బండి లైసెన్సు గడువు తీరితే పొడిగించుకోవడానికి ఆఫీసుకు వెళ్లాను. కిటికీ అవతలి గుమస్తా కాగితాలు చూసి వెనక్కి నెట్టాడు.

"చాలీస్ పూరా హో గయా భాయ్. అబ్ డాక్టర్ కా సర్టిఫికెట్ లగేగా" అన్నాడు.

నలభై నిండాయి, ఇక డాక్టరు సర్టిఫికెట్ కావాలట. వరసలోంచి పక్కకు వచ్చి, గోడకు ఆనుకుని వేళ్ల మీద లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిదేళ్ల రెండు నెలలు. ఆ తేదీ వెళ్లిపోయి పది నెలలు దాటింది. ఇరవై ఎనిమిదో ఏట నుంచి నేను భయపడుతూ వచ్చిన రోజు నా ముందు నుంచే నడిచిపోయింది, నేను చూడనే లేదు. అక్కకు ఫోను చేసి చెప్పాలనిపించింది, ఆమె లేనందుకు గట్టిగా దుఃఖం వచ్చింది. ఆ తేదీ నాడు ఎన్ని తాకాలు చూశానో, ఏ కూరతో అన్నం తిన్నానో, మైత్రి బడి నుంచి వచ్చి ఏం చెప్పిందో గుర్తు తెచ్చుకోవాలని అక్కడే చాలాసేపు నిలబడ్డాను. ఒక్కటీ గుర్తు రాలేదు.